తువ్వాల కింద చెయ్యి

జులేఖా బీ చెక్కపెట్టె మీద కూర్చుంది. కోర్టుకు కట్టుకుపోవలసిన చీర ఆ పెట్టెలోనే ఉంది. ఆమె లేస్తే గాని పెట్టె తెరుచుకోదు. తెరుచుకుంటే చీర బయటికొస్తుంది, వస్తే కట్టుకోవాలి, కట్టుకుంటే ఆదోనికి పోవాలి. కాబట్టి ఆమె లేవదు. గంట నుంచీ ఇదే వరస.

"అమ్మా, తొమ్మిదైతాంది," అంది కూతురు ఫిరోజా. "పదకొండుకు మన కేసు పిలుస్తారంట."

"పిలవనీ. నేను రాను."

"మేడం మన కోసరం ఆదోని నుంచి కారేసుకొని వచ్చిండాది."

"టీ ఇచ్చి పంపు."

మేడం అంటే వకీలు స్వర్ణలత. టీ ఆమె చేతిలో అప్పటికే ఉంది, అది రెండోది. సాక్షి రానంటే వకీలే ఇంటికొచ్చి బతిమాలడం కోసిగిలో ఇదే మొదలు. కారు ఆగిన పావుగంటకే వీధిలో మూడు కథలు పుట్టాయి. ఒకదాంట్లో జులేఖా బీ మొగుడు రసూల్ సాహెబ్‌కు కోటి రూపాయలు మంజూరయ్యాయి. రెండోదాంట్లో ఆయన్ని గుద్దిన లారీ ఓనరు కాళ్ళ మీద పడటానికి వచ్చాడు. మూడోది ఇక్కడ రాస్తే ఎదురింటి సిద్దమ్మ నా మీద కేసేస్తుంది.

"ఆయన్ని ముందర కూర్చోబెట్టుకొని, అంతమందిలో, నా మొగునికి తెలివి లేదని చెప్పాల్నా నేను?" అంది జులేఖా బీ. "నా నోట్లో పురుగులు పడవా?"

"తెలివి లేదని ఎవురన్నారమ్మా? తలకు దెబ్బ తగిలినాదని చెప్పమంటాండారు."

"తల బాగానే ఉండాది. నిన్ననే నూనె పెట్టినా."

స్వర్ణలత టీ గ్లాసు కింద పెట్టి ఫోను తీసింది. "జులేఖమ్మా, ఇది ఇంకోసారి చూడండి. ఇన్సూరెన్సు వాళ్ళు దీన్నే కోర్టుకిచ్చారు."

జులేఖా బీ తల తిప్పుకుంది. చూడకపోయినా వినపడుతుంది కదా.

ఫోనులో వాళ్ళ అరుగే. అరుగు మీద రసూల్ సాహెబ్, తలకు రుమాలు, మీసానికి నూనె. ఎదురుగా ఆయన సంత నేస్తం తిమ్మయ్య. ఇద్దరి చేతుల మీద ఒక తువ్వాల. పక్కన రెండు పొట్టేళ్ళు. తువ్వాల ఇటు కదిలి, అటు కదిలి, చివరికి రసూల్ సాహెబ్ చెయ్యి పైకి లాగి, "అయిపాయ బేరం!" అని అరిచాడు. తిమ్మయ్య నెత్తి కొట్టుకొని, "సచ్చినా బావా, మల్లా నువ్వే గెలిచినావు," అన్నాడు. తరువాత గాజుల చెయ్యి ఒకటి టీ గ్లాసుతో వచ్చింది. వెనకనుంచి జులేఖా బీ గొంతు: "దేవుని దయ నాయనా. ముందుకన్నా బాగుండాడు."

ఆ నాయన ఎవరంటే, దర్గా దగ్గర కందూరు మొక్కు చేస్తున్నాం, రెండు పొట్టేళ్ళు కావాలని వచ్చిన మనిషి. పొట్టేళ్ళు కొనలేదు. టీ తాగి, చొక్కా జేబులో ఫోను నిలబెట్టుకొని వచ్చినట్టే పోయాడు. బీమా కంపెనీ పంపిన మనిషని నాలుగు రోజుల కిందట గాని తెలియలేదు.

రసూల్ సాహెబ్ సంతలో దళారి, తువ్వాల కింద వేళ్ళు నొక్కి మేకల బేరాలు కుదిర్చేవాడు. మామూలు దళారి కాదు. మేకను చూసి తూకం చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు, ఈయన మేక నీడను చూసి చెప్పేవాడు. ఒకసారి రెండు కిలోలు తేడా వస్తే సంతంతా నవ్వింది. తీరా చూస్తే తప్పు తూకం రాళ్ళది. ఆ రాళ్ళాయన సిగ్గుతో ఊరు మారిపోయాడు. నమ్మనివాళ్ళు ఆ ఊరికి పోయి ఆయన్నే అడగవచ్చు.

రెండేళ్ళ కిందట సంతనుంచి మోపెడ్ మీద వస్తుంటే లారీ గుద్దింది. కర్నూలు ఆస్పత్రిలో నలభై రోజులు. మనిషి ఇంటికొచ్చాడు. నవ్వు వచ్చింది, మాట వచ్చింది, మీసం కూడా వచ్చింది. లెక్క మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది. ఈ పూట జరిగింది మరు పూటకు ఉండదు. మధ్యలో ఖాళీ వస్తే కథ కల్పించి పూడుస్తాడు, ఆ కథను మనకన్నా ముందు తానే నమ్ముతాడు. తనకేదో అయిందంటే మాత్రం నమ్మడు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి నెలలో ఎవరికీ చెప్పకుండా సంతకు పోయి, ఏడు మేకలను ఒక మేక ధరకు ఇచ్చేశాడు. సంతలో కొందరు పగలబడి నవ్వారు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు.

ఆ నవ్వు చూసిన తిమ్మయ్య మరుసటి వారం తన పొట్టేళ్ళను తోలుకొచ్చి ఈ అరుగు ముందర కట్టేశాడు. "సంత ఈడికే వచ్చినాది బావా, ఇంగ నువ్వు యాడికీ పోబల్లేదు," అన్నాడు. అప్పటినుంచి వారం వారం ఇదే. తిమ్మయ్య ఓడిపోతాడు. సిద్దమ్మ వచ్చి ధర ఎక్కువని తిట్టిపోతుంది. దారిన పోయేవాళ్ళు ఆగి, "సాహెబ్ బేరమంటే బేరమే," అని పోతారు. వీధి వీధంతా ఒక్క మనిషి సంతోషం కోసం రెండేళ్ళుగా వేషం కడుతోంది.

ఆ వేషాన్నే బీమా కంపెనీ సాక్ష్యం చేసింది.

"వాళ్ళు అడిగేది ఒక్కటే," అంది స్వర్ణలత. "ఈ మనిషి వారం వారం వ్యాపారం చేస్తున్నాడు, గెలుస్తున్నాడు, భార్యే బాగున్నాడంటోంది. ఇంక పరిహారం దేనికి? అంటారు. జవాబు చెప్పకపోతే కేసు పోయినట్టే. ఆ తువ్వాల కింద ఏం జరుగుతోందో జడ్జిగారికి ఎవరో ఒకరు చెప్పాలి."

అందరూ గోడకు ఆనుకొని నిలబడిన తిమ్మయ్య వైపు చూశారు. తిమ్మయ్య గోడకు ఇంకాస్త ఆనుకున్నాడు. గోడలోకి పోవడానికి వీలుంటే పోయేవాడే.

"మేడం, నా మంద అడగండి, తోలిస్తా," అన్నాడు. "తువ్వాల కింది మాట అడగొద్దండి. కింద జరిగింది పైన చెప్పినోడు మల్లా సంతలో కాలు పెట్టకూడదు. మా తాత కాడనుంచి అంతే. మా తాత తమ్ముడు సచ్చిపోతా, 'అన్నా, ఆ ఎర్రకోడెను ఎంతకు అమ్మినావో ఇప్పుడన్నా చెప్పు' అని అడిగితే మా తాత చెప్పలా. ఆయప్ప కోపానికి మంచం దిగి ఇంగా పదకొండేండ్లు బతికినాడు."

"తెలుసుకున్నాడా?" అంది స్వర్ణలత, అడగకుండా ఉండలేక.

"యాడ తెలుసుకునేది మేడం? మా తాతే ముందు పాయ."

ఫిరోజా నవ్వలేదు. "సరే మామా. నువ్వు తువ్వాల మర్యాద నిలబెట్టు. మా అమ్మ గుంటూరులో మిరపకాయలు కోస్తాది."

జులేఖా బీ కూతురి వైపు ఉరిమి చూసింది.

కూలీలను గుంటూరు వైపు మిరప కోతలకు తీసుకుపోయే రంగన్న మేస్త్రీ ఆదివారం లోపల పేరు చెప్పమన్నాడు. ఆదోనిలో మందుల షాపులో ఫిరోజాకు వచ్చే జీతం నాయన మందులకే సరిపోదు. జులేఖా బీ పేరు ఇవ్వక తప్పదు. ఆమె మూడు నెలలు పోతే, ఫిరోజా పొద్దున షాపుకు పోతే, ఈ ఇంట్లో మిగిలేది ఒక్క మనిషి. గడప దాటితే వెనక్కి రావడం తెలియని మనిషి.

"ఏంటికే ఆ మాట అందరి ముందర?" అంది జులేఖా బీ.

"ఇంగెప్పుడు చెప్పాల? నువ్వు గుంటూరు బండెక్కినాకనా?"

"నేను పోకుంటే ఇల్లెట్ల జరుగుతాది?"

"అందుకే గదా కోర్టుకు రా అనేది!"

సరిగ్గా అప్పుడు రసూల్ సాహెబ్ లోపలికొచ్చాడు. భుజాన తువ్వాల, చేతిలో పొట్టేలుకు పెట్టగా మిగిలిన తుమ్మకాయలు. పెళ్ళాం పెట్టె మీద కూర్చోవడం చూసి ఆగాడు.

"ఏమ్మే, గుడ్లు పొదుగుతాండావా?"

ఆయన కుర్చీ వైపు తిరిగాడు. "ఈయమ్మ ఎవురు?"

స్వర్ణలత ఆ ఇంటికి రావడం అది పదకొండోసారి. పదకొండు సార్లూ ఆమె కొత్త మనిషే.

"వకీలును సాహెబ్. స్వర్ణలత."

"ఓ! తెలుసు, తెలుసు. నిన్న సంతలో మీ నాయన కనపడినాడు. మీ గురించే చెప్పినాడు. కూతురు వకీలైనాదని ఒగటే మురిసిపోతాండాడు."

స్వర్ణలత తండ్రి పోయి నాలుగేళ్ళయింది.

"బాగున్నారా మా నాన్న?" అంది చివరికి.

"బాగుండాడు. రవ్వంత సన్నబడినాడు గాని, నడక అదే నడక."

"అవునా," అంది స్వర్ణలత. గ్లాసులో టీ లేకపోయినా ఎత్తి తాగింది.

"సూసినారా మేడం," అంది ఫిరోజా మెల్లగా. "మీరు గూడా మాలో కలిసిపోతిరి."

వకీలమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

జులేఖా బీ పెట్టె మీదనుంచి లేచింది. అందరూ చీర కోసమే అనుకున్నారు. ఆమె నేరుగా పోయి మొగుడి భుజం మీది తువ్వాల లాక్కుంది.

"ఏమయ్యా, నాతో బేరం చేస్తావా?"

"ఆడోళ్ళతోనా?" రసూల్ సాహెబ్ పకపకా నవ్వాడు. "సంత సంతంతా నవ్వుతాది."

"ఏం, నా చేతికి వేళ్ళు లేవా?"

"ఉండాయి. అన్నీ గాజులకే సరిపాయ."

"ఎక్కువ మాట్లాడొద్దు. కూర్చో."

ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ తువ్వాలను ఆమె వెయ్యిసార్లు ఉతికింది. దాని కింద చెయ్యి పెట్టడం మాత్రం అదే మొదటిసారి. పద్ధతి ఆమెకు తెలియకపోలేదు. ఏ వేలు పట్టి నొక్కితే ఏ అంకెనో పెళ్ళైన కొత్తలో ఆయనే నేర్పించాడు, నేర్పినట్టు సంతలో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

ఆమె ఆయన మూడు వేళ్ళు పట్టి నొక్కింది.

రసూల్ సాహెబ్ కనుబొమలు ఎగరేశాడు. "ఊహూఁ," అన్నాడు. "కుదరదు. ఇంగా పైకి రావాల." మీసం తిప్పాడు, తల ఊపాడు, పక్కకు తిరిగి తిమ్మయ్యకు కన్ను గీటాడు. ముఖం మీద సంతంతా ఉంది.

తువ్వాల కింద చెయ్యి ఏమీ చెప్పలేదు.

ఆమె నాలుగు వేళ్ళు నొక్కింది. ఆ చెయ్యి ఆమె వేళ్ళను వెతుక్కుంది, దొరకబుచ్చుకుంది, మొత్తం చేతిని పట్టుకుంది. నొక్కలేదు, లెక్క పెట్టలేదు. జాతర గుంపులో తప్పిపోతానని భయపడేవాడు పట్టుకున్నట్టు, గట్టిగా, వదలకుండా పట్టుకుంది.

పైన ఆయన నవ్వుతూనే ఉన్నాడు. "ఈయమ్మ శానా గట్టి మనిషప్పా," అంటున్నాడు.

జులేఖా బీ తిమ్మయ్య వైపు చూసింది.

"రెండేండ్ల నుంచి ఇంతేనా అన్నా?"

తిమ్మయ్య గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. అది పోయిన ఏడాదిది.

"చెప్పొద్దులే," అంది ఆమె. "నువ్వు దళారివి, నీకు ఒట్టుండాది. నేను దళారిని కాను గదా. నా చేతికి తెలిసింది నేను చెప్తా."

ఆమె చెయ్యి తీసుకోవాలని చూసింది. వెంటనే రాలేదు. ఇంకో చేత్తో ఆయన వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి, తువ్వాల మళ్ళీ ఆయన భుజాన వేసి, పెట్టె మూత ఎత్తింది.

"బేరం ఎంతకు కుదిరినాది నాయనా?" అంది ఫిరోజా.

"కింది మాట పైన చెప్పకూడదు," అన్నాడు రసూల్ సాహెబ్. తిమ్మయ్య మెచ్చుకోలుగా తల ఊపాడు.

*

కోసిగి నుంచి ఆదోనికి కారులో గంట కూడా పట్టదు. రసూల్ సాహెబ్ కథలకు చాలదు. రైలెక్కిన మేక కథ ఈసారి కొంచెం పెరిగింది. కోసిగి స్టేషనులో ఎక్కిన మేక మంత్రాలయం రోడ్డు స్టేషనులో దిగడం అందరికీ తెలిసిందే. ఇప్పుడది తుంగభద్రలో స్నానం కూడా చేసి, మఠంలో భోజనాల వరసలో కూర్చొని, వడ్డించేవాడు సాంబారు మరిచిపోతే గుర్తు చేసిందట.

"యా భాషలో గుర్తు చేసినాది బావా?" అన్నాడు తిమ్మయ్య.

"కన్నడంలో. ఆ వడ్డించేటోడు రాయచూరోడు."

స్వర్ణలత స్టీరింగు పట్టుకొని నవ్వింది. జులేఖా బీ కూడా నవ్వింది. నవ్వాక కిటికీ వైపు తిరిగి, ఎండిన పత్తి చేలను చూస్తూ కూర్చుంది.

ఉపాయం ముందే అనుకున్నారు. జులేఖా బీ బోనెక్కగానే తిమ్మయ్య రసూల్ సాహెబ్‌ను టీకి తీసుకుపోవాలి. ఆమె చెప్పే మాటలు ఆయన చెవిన పడకూడదు. ఉపాయం మంచిదే. రసూల్ సాహెబ్‌కు ముందుగా చెప్పి ఒప్పించకపోవడం ఒక్కటే అందులో లోపం.

"దా బావా, టీ తాగొద్దాం."

"మా ఆడమనిషి పెద్దోళ్ళ ముందర మాట్లాడబోతాంది. నేను పోయి టీ తాగాల్నా? సిగ్గులేదా నీకు?"

"బన్ను గూడా తిందాం లే."

"నువ్వే తిను. నేను ఆయమ్మ మాట్లాడేది ఇనాల."

అని వెనక బల్ల మీద, సినిమాకు వచ్చినంత దర్జాగా కూర్చున్నాడు. తిమ్మయ్య బోను వైపు చూసి చేతులు తిప్పేశాడు. జులేఖా బీ చూసింది. అప్పటికే ఆమె ప్రమాణం చేసి ఉంది.

బీమా కంపెనీ వకీలు మర్యాదస్తుడే. గొంతు కూడా పెంచలేదు.

"వీడియోలో ఉన్నది మీ భర్తేనా అమ్మా?"

"ఆయనే."

"టీ ఇచ్చింది మీరేనా?"

"నేనే. చక్కెర గూడా రెండు చెంచాలు ఎక్కువ ఏసినా ఆ మారాజుకు."

కోర్టులో నలుగురు నవ్వారు. వెనకనుంచి అందరికన్నా గట్టిగా రసూల్ సాహెబ్ నవ్వాడు.

"ముందుకన్నా బాగున్నాడు అన్నది మీరే కదా?"

"నేనే."

"అది నిజమా, అబద్ధమా?"

"ఇంటికొచ్చినోడు మీ ఆయన బాగుండాడా అని అడిగితే మీ ఇంట్లో ఏం చెప్తారు సార్? ఉండే కష్టమంతా వాని నెత్తిన పోసి, ఆనక టీ ఇస్తారా?"

"నేనడిగింది నిజమా అబద్ధమా అని."

"ఆడ నేను ప్రమాణం చేయలే సార్. ఈడ చేసినా. ఈడ అడగండి, చెప్తా."

జడ్జిగారు కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినాయన. కలం కింద పెట్టి ముందుకు వంగాడు. "అమ్మా, నాకు తెలియక అడుగుతున్నాను. వాళ్ళిద్దరి చేతుల మీద ఆ తువ్వాల ఎందుకు?"

జులేఖా బీ చెప్పింది. సంతలో ధర నోటితో చెప్పరని, పక్కవాడు వినకుండా తువ్వాల కింద వేళ్ళు పట్టి నొక్కుతారని, ఒక్కో వేలికి ఒక్కో అంకె ఉంటుందని. జడ్జిగారు ఆశ్చర్యంగా తన వేళ్ళు తాను చూసుకున్నాడు.

"అయితే ఈ వీడియోలో మీ భర్త వేళ్ళతో ఎంత ధర చెప్తున్నారు?"

జులేఖా బీ కోర్టు చివరి దాకా చూసింది. రసూల్ సాహెబ్ ఆమెకు చెయ్యి ఊపాడు. భయపడొద్దు, నేనుండాను అన్నట్టు.

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఏమీ చెప్పడు సార్," అంది. "చెయ్యి పట్టుకుంటాడు. అంతే."

జడ్జిగారు కలం మళ్ళీ అందుకున్నాడు.

"రెండేండ్ల నుంచి ఆయన తువ్వాల కింద అంకె చెప్పలే. ఊరికే చెయ్యి పట్టుకుంటాండాడు. నాక్కూడా ఈ పొద్దే తెలిసింది. ఎదుటోడు ఓడిపోయినట్లు ఆడతాండాడు, మేమందరం ఆడతాండాం. ఆయన సంతోషపడతాడని." ఆమె గొంతు తగ్గించింది, మళ్ళీ తనే పెంచింది. "పొద్దన తిన్నాడో లేదో ఆయనకు తెలీదు సార్. రెండుసార్లు తింటాడు, లేకుంటే పస్తుంటాడు. వీధి చివరికి పోతే ఇల్లు యాడుండాదో తెలీదు. ఒకసారి పోయి రైలు పట్టాల మీద కూర్చున్నాడు, ఈడ గాలి బాగుండాదని."

జడ్జిగారు రాసుకుంటూ, కానివ్వమన్నట్టు తల ఊపాడు.

"మా అత్త సచ్చిపోయి ఆరేండ్లాయ. వారానికొక తూరి మా అమ్మ యాడికి పోయిందని అడుగుతాడు. మొదట్లో నిజం చెప్పినా. అప్పుడే పోయినట్లు నేలన పడి ఏడ్చినాడు. నాలుగు తూర్లు చెప్పినా, నాలుగు తూర్లు అట్లనే ఏడ్చినాడు. ఇప్పుడు కూతురింటికి పోయిందని చెప్తా. ఒక మనిషికి తల్లి ఎన్నిసార్లు సావాల సార్?"

బీమా వకీలు చేతిలో కాగితం చూస్తూ నిలబడ్డాడు. అందులో తరువాతి ప్రశ్న ఉంది. ఆయన అది అడగలేదు.

"బాగుండాడని నేను చెప్పేది వచ్చినోళ్ళ కోసం గాదు. ఆయన చెవిన పడుతాదని. పనికి పోకుంటే ఇల్లు నడవదు, నేను గుంటూరు పోవాల. నేను పోతే ఆ చెయ్యి ఎవురు పట్టుకుంటారు? నేను అడిగేది అదొక్కటే సార్. నేను ఇంటికాడ ఉండేదానికి ఒక దారి కావాల."

అని ఆగింది. ఏడవలేదు. కొంగు చుట్టిన వేలు మాత్రం తెల్లబడిపోయింది.

జడ్జిగారు చాలాసేపు రాశాడు. రాసి, కళ్ళజోడు తీసి, "పది నిమిషాల తరువాత ఆయన్ని నేను స్వయంగా చూడాలి. పిలిపించండి," అన్నాడు.

జులేఖా బీ బోను దిగింది. వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుంది. ఫిరోజా మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. స్వర్ణలత భుజం మీద చెయ్యేసింది.

తిమ్మయ్య వెంట రసూల్ సాహెబ్ వచ్చాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దుటినుంచి అందరూ భయపడింది ఈ క్షణానికే. ఫిరోజా నాయనకు అడ్డం పోబోయింది. తిమ్మయ్య వద్దన్నట్టు తల ఊపాడు.

ఆయన పెళ్ళాం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"జులేఖా," అన్నాడు. "ఎవురా మనిషి?"

"యా మనిషి?"

"ఇప్పుడు చెప్పినావు గదా, లోపల. పాపం, తల్లి పోయిందని గూడా తెలీదంట. తిన్నాడో లేదో తెలీదంట." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంతకాలం నాకు ఏంటికి చెప్పలా నువ్వు?"

జులేఖా బీ నీళ్ళ సీసా ఫిరోజాకు తిరిగిచ్చేసింది.

"మనింటికి తీసకపోదాం," అన్నాడు రసూల్ సాహెబ్. "అరుగు మీద నా పక్కన కూర్చోపెట్టుకుంటా. నేను తినేటప్పుడు ఆయప్పకూ పెడదువు. యాడికన్నా పోతే నేను చూసుకుంటా లే, నాకేం పని? నువ్వు దిగులు పడొద్దు. యాడుంటాడో చెప్పు, తిమ్మయ్యను పంపిస్తా."

తిమ్మయ్య గోడ వైపు తిరిగాడు. ఈసారి గోడ మీద క్యాలెండరు కూడా లేదు.

"చెప్పమ్మే. ఊరేది?"

ఆమె జవాబు వెతుక్కుంటుండగానే బంట్రోతు తలుపు దగ్గరికొచ్చి వరండా మారుమోగేటట్టు పిలిచాడు.

"రసూల్ సాహెబ్! కోసిగి రసూల్ సాహెబ్! రసూల్ సాహెబ్ హాజరా?"

రసూల్ సాహెబ్ తలుపు వైపు చూశాడు, బంట్రోతు వైపు చూశాడు, మళ్ళీ పెళ్ళాం ముఖంలోకి చూశాడు. ఆయన నుదుటి మీది కుట్ల మచ్చ దగ్గరికి ముడుచుకుంది.

"జులేఖా," అన్నాడు మెల్లగా. "ఆ మనిషి పేరు గూడా నా పేరేనా?"